మోటారు స్టెబిలైజరులో రిలే చెడినప్పుడు



2022 ఏప్రిలులో అనకాపల్లి జిల్లాలో చేరిన చోడవరము చెరకు ప్రాంతమని మీకు తెలిసినదే. ఇచ్చట ఒంటికన్ను ముచ్చెలను ట్రేలలో పెట్టి నారు పెంచు రైతులు గమనింపవలసిన సంగతి ఒకటి కలదు. ట్రే గుంటలో పట్టు కొబ్బరిపొట్టు స్వల్పము. వేసవిలో ఒక పూట తడి తప్పినను నారు వాడును. ఆ నీటిని తోడు ఒక హెచ్.పి. సింగిల్ ఫేజు మోటారుకు కొందరు స్టెబిలైజరు అమర్చుదురు.

పాత స్టెబిలైజరులో రిలే మీట టక్కుమని కొట్టుకొనును. కొన్ని క్రొత్తవాటిలో కదిలే మీట లేని సాలిడ్ స్టేట్ రిలేలు ఉండును. ట్రాన్స్‌ఫార్మరు టాపులలో ఒకదానిని, కంట్రోలు కార్డు చెప్పినట్లు, ఇవి మోటారుకు కలుపును.

ఈ రిలే చెడినప్పుడు చాలసార్లు కరెంటు ఆగిపోదు. లోపల అతుక్కొనిపోయి, ఆపినను పోవుచునే యుండును. అంతలో కార్డు మరొక టాపును కలిపినచో రెండు టాపుల మధ్య చుట్లు షార్టగును. ట్రాన్స్‌ఫార్మరు గుర్రుమనును, వార్నిషు వాసన వచ్చును, ఫ్యూజు పోవును. అప్పుడు లావు తీగ వేయుట మన పల్లెలలో మామూలు. దయచేసి ఆ పని చేయకుడు. ఫ్యూజు నిలుచును, చుట్ట మాడును.

రిలే ఆగియున్నదని నమ్మి తీగ ముట్టరాదు. బాగున్న రిలే గుండా కూడ కొద్ది మిల్లీ ఆంపియర్ల కరెంటు కారుచుండును. అందుచేత లోడు లేనప్పుడు మీటరు 200 వోల్టులకు పైగా చూపినంత మాత్రమున రిలే చెడినదనుకొనరాదు. మూత తీయుటకు ముందు ఫేజు, న్యూట్రలు రెండును తెగునట్లు మెయిన్ స్విచ్చి తీయవలెను.

అటుపై రిలే తీగలు విప్పి మీటరుతో ఓములు చూడుడు. సున్నకు దగ్గరగా ఉన్నచో రిలే షార్టైనది. ఎక్కువ ఓములున్నంత మాత్రమున మంచిదని చెప్పలేము. ఎలక్ట్రీషియను చేత 100 వాట్ల పాతరకపు ఫిలమెంటు బల్బును వరుసలో పెట్టించి పరీక్షింపుడు. కార్డు ఆజ్ఞ లేనప్పుడు బల్బు ఆరియుండవలెను. ఇచ్చినప్పుడు నిండుగా వెలుగవలెను. సగము వెలిగినచో లోపలి రెండు థైరిస్టర్లలో ఒకటి పోయినది. ఎల్.ఇ.డి. బల్బు ఇందుకు పనికిరాదు. కారు కరెంటుకే అది మిణుకుమనును. రిలే దీపము వెలిగినను బల్బు వెలుగనిచో తప్పు రిలేది. దీపమే వెలుగనిచో కార్డును చూపించవలెను.

క్రొత్త రిలే వేయుటకు ముందు పాతది ఎందుకు మాడెనో చూడుడు. తరచు వేడియే కారణము. ఒక్కొక్క ఆంపియరుకు సుమారు ఒక వాటు, కొంచెము పైన, వేడి పుట్టును. అల్యూమినియము రెక్కలపై దుమ్ము, సాలెగూడు తుడిచి, రిలే అడుగున వేడి లాగు పేస్టు పూయవలెను. ఒక హెచ్.పి. మోటారు నడకలో ఆరేడు ఆంపియర్లు లాగినను, మొదలగునప్పుడు అయిదారు రెట్లు లాగును. కావున 10 ఆంపియర్ల రిలే చాలదు, 40 ఆంపియర్లది మేలు. కార్డు ఒక టాపు వదలిన వెంటనే రెండవది పట్టరాదు. అరచక్రము, అనగా 10 మిల్లీ సెకనులు, దాటవలెను. థైరిస్టరు కరెంటు సున్నకు వచ్చినగాని ఆగదు. మెకానికును ఈ సంగతి తప్పక అడుగుడు.

మరమ్మతు లోపల స్టెబిలైజరును తప్పించి తక్కువ వోల్టేజిలో మోటారు నడిపినచో మోటారు చుట్ట కూడ కాలును. ఆ రెండు రోజులు ట్రేలను రోజ్ క్యానుతో ఉదయము, సాయంకాలము తడుపుడు.