గోడల నడుమ గోలుకీపరు

సాయంకాలమున మన మైదానములో ఫుట్‌బాలు ఆడునపుడు గోలులో నిలుచుటకు ఎవరును ముందునకు రారు. తుదకు చిన్నవానినో, పరుగెత్తలేనివానినో అచ్చట నిలువబెట్టుదురు. ఆ స్థానమునే జీవనోపాధిగా జేసికొన్న యొకని వృత్తాంతమును మీకు దెలుపదలచితిని.

షెప్ మెస్సింగు 1949లో న్యూయార్కు నగరమందలి బ్రాంక్సులో జన్మించెను. హార్వర్డు విశ్వవిద్యాలయమున జదువుచునే అమెరికా ఒలింపిక్ జట్టున జేరెను. 1971లో ఎల్ సాల్వడారుతో జరిగిన అర్హతపోటీ పెనాల్టీలకు వచ్చినపుడు, ఇతడు చొక్కా లాగివైచి, కేకలు వేయుచు, బంతి తన్నువాని మీదికి దూకెనని చెప్పుదురు. బెదరిన యాతని బంతి గోలుపైగా బోయెను. (మన బాలురు దీని ననుకరింపరాదు, మన రెఫరీ ఊరకుండరు.) మరుసటి యేట మ్యూనిచ్ నగరమున పశ్చిమ జర్మనీ అమెరికాపై 7 గోలులు చేసినపుడు గోలులో నుండినవాడును ఇతడే. 1977లో పేలేతో గూడి న్యూయార్కు కాస్మోసు జట్టున విజేతయయ్యెను.

1978 డిసెంబరు 22వ తేదీన మేజర్ ఇండోర్ సాకర్ లీగు ఆరంభమయ్యెను. మెస్సింగు న్యూయార్కు ఏరోసు జట్టు గోలుకీపరు. ఐస్ హాకీ ఆడు శాలలో కృత్రిమపు పచ్చిక పరచి, జట్టునకు గోలుకీపరుతో గూడ ఆరుగురు చొప్పున నాడుదురు. ఆరుబయట గోలు వెడల్పు 24 అడుగులు, ఎత్తు 8 అడుగులు. ఇచ్చట నాడు 12 అడుగులు, ఆరున్నర అడుగులు మాత్రమే. ఇంత చిన్న గోలును కాచుట సులభమని మీరనుకొనవచ్చును. కాని చుట్టును గోడ యున్నది గదా! ఆరుబయట గురి తప్పిన బంతి వెలుపలికి బోవును. గోలుకీపరు ఊపిరి పీల్చుకొనును. ఇచ్చట తప్పిన బంతియే గోడకు దగిలి ప్రత్యర్థి కాలియొద్దకు మరలి వచ్చును. అద్దముపై బడిన వెలుగు ఏ కోణమున బడునో ఆ కోణముననే మరలునని మీరు చదివియున్నారు. బంతియు దాదాపట్లే మరలును గాని, సుడి తిరుగు బంతి ఆ సూత్రమును మన్నింపదు. కావున గోలుకీపరు బంతిని జూచుట చాలదు. అది మరలివచ్చు చోటును క్షణములో నూహింపవలెను. ఒక గోలు పడినదని చింతించుటకు వ్యవధి యుండదు. మరుక్షణమే మరియొక బంతి వచ్చును.

ఆరుబయట నాలుగైదు గోలులు పడిన జట్టు సాధారణముగా నోడిపోవును. ఈ యాటలో నట్లు కాదు. ఏరోసు జట్టు 1979 మొదలు 1982 వరకు వరుసగా నాలుగేండ్లు విజేత యయ్యెను. 1980 తుదిపోటీలో దానిపై 4 గోలులు పడెను. అది 7 చేసెను. 1981లో సెయింట్ లూయిస్ స్టీమర్సు జట్టు 5 గోలులు చేసెను. ఏరోసు 6 చేసి గెలిచెను.