చిల్కా సరస్సు: నీరు మారితే పక్షులూ మారుతాయి

బరంపురం నుండి ఖుర్దా వైపు పోయే రైలుబండి రంభ దాటిన తరువాత చిల్కా అంచున కొంతదూరం సాగుతుంది. శీతకాలంలో ఆ దారిన ప్రయాణించేవారికి దూరాన నీటిపై చాపలు పరచినట్లు కనిపించేవి బాతుల గుంపులు. మధ్య ఆసియా, సైబీరియా మొదలైన ఉత్తర ప్రాంతాల నుండి అవి అక్టోబరు, నవంబరు మాసాల్లో వచ్చి, ఎండలు ముదరకముందే తిరిగి వెళ్ళిపోతాయి. జనవరిలో జరిగే లెక్కింపులో ఇటీవలి సంవత్సరాలలో 10 లక్షలకు పైగా పక్షులు నమోదవుతున్నాయి. ఆ పెద్ద సంఖ్య చూసి అంతా క్షేమమే అనుకోవడం సులభం. కాని ఏ పక్షి, ఏ చోట, ఎంత లోతు నీటిలో ఉన్నదన్నదే అసలు విషయం.

నీటిపక్షులన్నిటికీ ఒకే విధమైన నీరు సరిపడదు. ఉల్లంకి పిట్టలకు నాలుగు వేళ్ళ లోతుకు మించని నీరు, మెత్తని బురద కావాలి. నల్లతోక గాడ్విట్ కాళ్ళూ ముక్కూ పొడవైనవి గనుక మరికొంత లోతుకు దిగగలదు. గాడ్వాల్, సూదితోక బాతు వంటివి తల ముంచి, తోక పైకెత్తి అడుగున ఉన్న నాచును, గింజలను మేస్తాయి. మెడ అందనంత లోతైతే ఆ మేత ఉండీ లేనట్లే. రాజహంస వంపు ముక్కుతో ఉప్పునీటి బురదను వడగట్టి తింటుంది. నీటికాకి మునిగి చేపను పట్టగలదు గనుక దానికి లోతు అడ్డుకాదు. కాబట్టి నీటిమట్టం ఒక్క జానెడు మారినా కొన్నిటికి విందు, కొన్నిటికి పస్తు.

చిల్కాలో ఈ మట్టాన్నీ, ఉప్పదనాన్నీ నిర్ణయించేవి రెండు: ఉత్తరాన మహానది పాయలైన దయా, భార్గవి తెచ్చే మంచినీరు, ఒండ్రు, తూర్పున సముద్రపు మొగ ద్వారా వచ్చే ఉప్పునీరు. తీరం వెంబడి ఇసుక కదలడంవల్ల మొగ క్రమంగా ఈశాన్యానికి జరిగి, సన్నబడింది. సముద్రపు నీరు లోనికి చేరడం తగ్గింది. ఉప్పదనం తగ్గిన కొద్దీ కలుపు, కిక్కిసగడ్డి విపరీతంగా పెరిగి తేటనీటి ప్రదేశాలను కప్పివేశాయి. చేపలు, రొయ్యలు తగ్గి, వాటినే నమ్ముకున్న బెస్త కుటుంబాలు నలిగిపోయాయి. గంజాం తీరాన తెలుగు మాట్లాడే నోలియాలకు ఆ రోజుల కథ కొత్తది కాదు. 1981లోనే రామ్‌సర్ ఒడంబడిక కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం పొందిన ఈ సరస్సును, 1993లో ప్రమాదస్థితిలో ఉన్న తడినేలల పట్టిక అయిన మాంత్రో రికార్డులో చేర్చవలసి వచ్చింది.

2000 సెప్టెంబరులో సిపకుడ వద్ద కొత్త మొగను తవ్వారు. సముద్రానికి దారి ఎంతో దగ్గరైంది. ఉప్పదనం కోలుకుంది, కలుపు వెనుకంజ వేసింది, చేపల రాబడి పెరిగింది. 2002లో చిల్కా ఆ పట్టిక నుండి బయటపడింది. అదే సంవత్సరం రామ్‌సర్ పురస్కారం కూడా లభించింది.

అయితే కలుపు తగ్గడమంటే అన్ని పక్షులకూ మేలని భావించరాదు. దట్టమైన కిక్కిస బాతులను రానీయదు. కాని అదే కిక్కిసలో నీలి బొల్లికోడి గూడు కట్టుకుంటుంది. ఉత్తరపు ఒడ్డున మంగళజోడి చిత్తడి ఇందుకు మంచి ఉదాహరణ: గడ్డి, సన్నని నీటికాలువలు, బురద పక్కపక్కనే ఉన్నందున ఇన్ని జాతులకు అక్కడ చోటు దొరికింది. ఒకప్పుడు పక్షులను వేటాడి అమ్మిన ఆ ఊరివారే ఇప్పుడు కాపలాదారులై, పడవలపై సందర్శకులను తిప్పుతున్నారు. వేట ఆగకుండా గడ్డిని ఎంత చక్కగా నిర్వహించినా ప్రయోజనం ఉండేది కాదు.

సరస్సు మధ్యనున్న నలబణ దీవి మరొక పాఠం. సుమారు 15 చదరపు కిలోమీటర్ల ఈ పక్షి అభయారణ్యం వానకాలంలో మునిగిపోతుంది. నీరు తీసిన తరువాత మెల్లగా తేలే బురదనేలే రాజహంసలకు, గాడ్విట్‌లకు పళ్ళెం. వానలు ఆలస్యంగా కురిసి నీరు తీయకపోతే, పక్షులు వచ్చినా అక్కడ దిగక చెల్లాచెదురవుతాయి. ఆ ఏడు నలబణలో లెక్క తగ్గినంతమాత్రాన పక్షులు చనిపోయాయని కాదు. లెక్కను నీటిమట్టంతో కలిపి చదవాలి.

నేటి బెడద ఘేరీలు, అనగా రొయ్యల పెంపకానికి లోతు తక్కువ నీటిలో కట్టలతోనో వలలతోనో వేసే దడులు. సరిగ్గా ఉల్లంకులూ బాతులూ మేసే చోట్లనే ఇవి ఆక్రమిస్తాయి. ప్రభుత్వం తొలగిస్తున్నా మళ్ళీ వెలుస్తుంటాయి. కొల్లేరులో బంధువులున్న మన పాఠకులకు దీని ఫలితం ఊహించడం కష్టం కాదు: అక్కడ చేపల చెరువుల గట్లు లేచి నీరు లోతైనచోట నీటికాకులు, గూడబాతులు నెగ్గుకురాగలిగాయి గాని, బురదలో నడిచే చిన్నపిట్టలకు నిలువ నేల కరువైంది. 2006లో చాలా చెరువుల గట్లు తెంచారు. కాని చదును చేసి తవ్విన నేల తిరిగి పూర్వపు వాలుకు రావడం అంత తేలిక కాదు.

రంభకో బార్కుల్‌కో సెలవులకు వెళ్ళేవారు పడవవానిని గుంపుల మీదికి పోనిమ్మని తొందరపెట్టకుండా ఉంటే చాలు. మేస్తున్న బాతు ఒక్కసారి లేచిందంటే, తిరుగు ప్రయాణానికి కూడబెట్టుకుంటున్న కొవ్వులో కొంత అక్కడే ఖర్చవుతుంది.