వైద్యవిద్యార్థి బడలిక – ఇంటివారి కర్తవ్యము

మధురలో 1954లోను, కోయంబత్తూరులో 1966లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి. ఈ ఊళ్ల పాత తెలుగువాడలలోని వ్యాపార కుటుంబములకు వైద్యవిద్య ఆనాటినుండి వాకిటనే ఉన్నది. కొట్టు గద్దెపై కూర్చుండవలసిన పిల్లవాడు డాక్టరు చదువులో చేరినాడనగా ఇంటిల్లిపాదికిని గర్వమే.

రాత్రి కొట్టు కట్టిన పిదప తండ్రి ఫోనులో "మార్కులెన్ని నాయనా?" అని అడుగును. "బాగానే ఉన్నవి నాన్నగారూ" అని కుమారుడు చెప్పును. ఆ మాట వెనుక నిద్రలేని రాత్రులెన్ని ఉన్నవో లెక్క వేయువారు తక్కువ. ఆ లెక్క నేర్చుకొనుటయే ఈ పాఠము.

బడలిక యనగా నేమి? పని వలన సత్తువ ఉడిగిపోవు స్థితికి "బర్నౌట్" అను పేరును 1974లో అమెరికా మనస్తత్వవేత్త ఫ్రాయిడెన్‌బెర్గర్ వాడుకలోనికి తెచ్చెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనికి మూడు లక్షణములు చెప్పినది: శక్తి హరించుట, పనియెడ విముఖత, తన వలన ఏమియు కాదను భావము. దీనిని రోగమని ఆ సంస్థ అనలేదు. ఉద్యోగపు ఒత్తిడి అదుపులేక చాలకాలము సాగినందున కలుగు స్థితి యన్నది. చదువుతోపాటు వార్డుపనియు మోయు వైద్యవిద్యార్థికిని ఈ లక్షణములే కలుగును. కావున ఇది సోమరితనమును కాదు, కృతఘ్నతయు కాదు.

జాతీయ వైద్య కమిషను నియమించిన కార్యదళము 2024లో నివేదిక ఇచ్చినది. వారి సర్వేలో పాల్గొన్న ఎం.బి.బి.ఎస్. విద్యార్థులలో నూటికి సుమారు 28 మంది తమకు మానసిక ఆరోగ్య సమస్య ఉన్నట్లు నిర్ధారణ అయినదని తెలిపిరి. దినమునకు 7, 8 గంటల నిద్ర, రెసిడెంటు డాక్టర్లకు వారమునకు ఒకనాటి సెలవు ఉండవలెనని ఆ దళము సిఫారసు చేసినది. పగలు చదివినది జ్ఞాపకములో కుదురుకొనుటకు నిద్ర కావలెను. నిద్ర చంపుకొని చదువుట అసలు కరగించి వడ్డీ కట్టుట వంటిది. ఆ వ్యాపారము ఎన్నాళ్లు సాగునో మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

"నడుమ ఆగినచో జీవితమే పోవును" అను భయము ఇంటివారిది. మధుర వారికి సుపరిచితులైన డాక్టరు జి. వెంకటస్వామిగారి చరిత్ర చూడుడు. ఆయన 1944లో మద్రాసు స్టాన్లీ కళాశాలలో వైద్యపట్టము పొందిరి. ప్రసూతివైద్యము చేయగోరిరి, కాని కీళ్లవాతము వలన వేళ్లు వంకరపోయి, చాలకాలము మంచము పట్టిరి. పిమ్మట నేత్రవైద్యము నభ్యసించి, ఆ వేళ్లతోనే కత్తి పట్టుట నేర్చిరి. 1976లో 58వ ఏట 11 పడకలతో అరవింద నేత్రాలయము స్థాపించిరి. ఆయనను ఆపినది రోగము, బడలిక కాదు. అయినను ఆగుటయు, దారి మార్చుకొనుటయు నష్టము కావని ఆ చరిత్ర తెలుపుచున్నది.

ఇంటివారు చేయవలసినవి: మార్కులకు ముందు "నిద్రపోతివా? తింటివా?" అని అడుగుడు. ఫీజు లెక్కను ఎత్తిపొడుపుగా తీయకుడు. చుట్టాల పిల్లలతో పోల్చకుడు. ఒక పరీక్ష తప్పినచో దానిని ఒక సరకుపై వచ్చిన నష్టముగానే చూడుడు. కొట్టు దివాలా తీసినట్లు కాదు.

విద్యార్థి చేయవలసినవి: వారములో ఒక పూట పుస్తకము మూయవలెను, ఒక స్నేహితునితోనైనను ఉన్నది ఉన్నట్లు చెప్పుకొనవలెను.

సెలవులో ఇంటికి వచ్చినను ఉత్సాహము కలుగక, రెండు వారములు దిగులే సాగినచో మానసిక వైద్యుని చూపింపవలెను. చావు మాట నోట వచ్చెనా, ఒక్కదినము కూడ జాగు చేయరాదు, ఒంటరిగా విడువరాదు. ప్రభుత్వపు టెలీ-మానస్ నెంబరు 14416 రేయింబవళ్లు ఉచితముగా పలుకును.

ఏటేట సరకు లెక్క చూచుకొను మనము, బిడ్డ సత్తువ ఎంత మిగిలినదో నెలకొకసారియైనను చూచుకొనవలదా? ఈ రాత్రి ఫోనులో మొదటి ప్రశ్న మార్చి చూడుడు.