ఎర్ర గుర్తు పడకముందే...

రక్తపరీక్ష ఫలితం నేడు డాక్టరు గారి కంటే ముందే మన ఫోనుకు చేరుతున్నది. అమెరికాలో 2021 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం ప్రయోగశాల నివేదికను రోగికి జాప్యం లేకుండా అందించవలసి ఉన్నది. అంకె చేరినంత మాత్రాన అర్థం చేరదు. ఎర్ర గుర్తు కనబడితే కంగారుపడుట, లేకుంటే ఫోను జేబులో వేసుకొనుట మనవారిలో తరచుగా చూస్తున్నాను.

ఎ1సి పరీక్షనే తీసుకుందాము. రక్తంలోని గ్లూకోజు, ఎంజైముల ప్రమేయం లేకుండానే, హీమోగ్లోబిన్ బీటా గొలుసు కొననున్న వాలీన్‌కు అంటుకొంటుంది. (రొట్టె కాలినప్పుడు రంగు తెచ్చే చర్య కూడ ఈ కోవలోనిదే!) ఎర్రకణం ఆయుర్దాయం సుమారు 120 దినాలు, అంటుకొన్న చక్కెర చాలవరకు అంతకాలమూ నిలుస్తుంది. కనుక పరీక్షకు ముందు రెండు రోజులు మిఠాయి మానినా ఈ అంకెను ఏమార్చలేము. 5.7 నుండి 6.4 శాతం వరకు మధుమేహానికి ముందు దశ, 6.5, ఆపైన మధుమేహం. అయితే ఇనుము లోపించి రక్తహీనత కలిగినవారిలో, చక్కెర పెరగకపోయినా ఎ1సి కొంత హెచ్చుగా కనబడవచ్చును. మన స్త్రీలు ఈ సంగతి డాక్టరు గారితో తప్పక ప్రస్తావించాలి.

కొలమానాల చిక్కు మరొకటి. ఒకే కుటుంబంలో గుంటూరు, డల్లాసుల వారు గ్లూకోజును మిల్లీగ్రాములలోను, లండను, కౌలాలంపూరుల వారు మిల్లీమోలులలోను చెప్పుకొంటారు. గ్లూకోజు అణుభారం 180 కనుక మిల్లీమోలుల అంకెను 18తో హెచ్చవేస్తే సరిపోతుంది: పరగడుపున 7.0 అంటే 126. లండను అక్కగారి ఎ1సి "48" అంటే మన 6.5 శాతమే.

బరువు సూచిక విషయంలో మరింత జాగ్రత్త అవసరం. సాధారణ గణన యంత్రాలు 25 దాటితేనే అధిక బరువు అంటాయి. ఆసియా సంతతివారికి 23 నుండే మధుమేహ పరీక్ష చేయాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుండి చెబుతున్నది. 170 సెంటీమీటర్ల మనిషికి 25 అంటే 72 కిలోలు, 23 అంటే సుమారు 66. ఈ ఆరు కిలోల మధ్యనున్న మనవారికి ఫోను "ఆరోగ్యం" అనే చెబుతుంది!

ముందు దశలో పట్టుకొంటే ఫలితం స్వల్పం కాదు. 2002లో వెలువడిన అమెరికా అధ్యయనంలో బరువు 7 శాతం తగ్గించుకొనుట, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యాలుగా పెట్టుకొన్నవారిలో మధుమేహం 58 శాతం తగ్గినది. మెట్‌ఫార్మిన్ మాత్రతో 31 శాతం. భారతదేశంలో జరిపి 2006లో ప్రకటించిన అధ్యయనంలో జీవనశైలి మార్పు వలన తగ్గుదల 28.5 శాతం.

పాత నివేదికలను తేదీలతో భద్రపరచుకొనండి, తల్లిదండ్రులవి కూడ. 5.3, 5.5, 5.6 — మూడేళ్ళూ ఎర్ర గుర్తు లేదు. ఒక పదవ వంతు తేడా పరీక్షలోని సహజమైన ఊగిసలాట కావచ్చును. ఏటేటా పైకే సాగుతుంటే మాత్రం ఆ మూడు కాగితాలనూ కలిపి డాక్టరు గారి ముందుంచండి.