తేదీ కాదు, పరీక్షే తేల్చాలి

చిరంజీవి నానికి,

చేనేత సహకార సంఘం చీరలు అమ్మే వెబ్‌సైట్ పని మొత్తం నీకే అప్పగించారని, విజయదశమి ఉదయం ప్రారంభించాలని సంఘం పెద్దలు ముహూర్తం కూడా పెట్టేసుకున్నారని నీ ఉత్తరంలో చదివి సంతోషించాను. చివరి నాలుగు రోజులు టెస్టింగ్‌కి ఉంచాం, సరిపోతుందా అని అడిగావు. రోజులు లెక్కపెట్టి దానికి జవాబు చెప్పలేను నాన్నా. ఆ నాలుగు రోజుల్లో పెద్ద లోపం బయటపడితే ప్రారంభాన్ని ఆపే అధికారం ఎవరికైనా ఉందా? ఆపుతామని అందరూ ముందే ఒప్పుకున్నారా? ఆ ఒప్పందం లేకపోతే నాలుగు రోజులు చేసినా నలభై రోజులు చేసినా అది ఉత్త తంతే. పరీక్షలో తేలినదాన్ని బట్టి ప్రారంభ తేదీ ఖాయం కావాలి. తేదీ దగ్గరపడిందని పరీక్షను కుదించకూడదు. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. ఎందుకు అంత గట్టిగా చెబుతున్నానో, నీకు ఎదురయ్యే అభ్యంతరాలకు ఏం జవాబు చెప్పాలో వివరంగా రాస్తాను.

అందరికీ తెలిసిన ఉదాహరణ అమెరికా ప్రభుత్వం ఆరోగ్య బీమా కోసం తెరిచిన హెల్త్‌కేర్ డాట్ గవ్. 2013 అక్టోబరు 1న తెరుస్తామని దేశమంతటికీ చెప్పారు, ఆ రోజే తెరిచారు. 50 నుంచి 60 వేల మంది ఒకేసారి వస్తారని అంచనా వేసుకుంటే రెండున్నర లక్షల మంది వచ్చిపడ్డారు. మొదటి రోజు బీమా నమోదు పూర్తి చేయగలిగింది ఆరుగురేనని తర్వాత అమెరికా కాంగ్రెస్ కమిటీ బయటపెట్టిన పత్రాల్లో తేలింది. జనం ఎక్కువగా రావడం వల్లే ఇలా జరిగిందని మొదట్లో అన్నారు. కానీ తెరవడానికి కొద్ది రోజుల ముందు కొన్ని వందల మందికి సరిపడా లోడ్ పెట్టి చూసినప్పుడే అది స్తంభించిపోయిందని పత్రికలు రాశాయి. విడివిడి భాగాలను కట్టిన కంపెనీలు వాటిని విడివిడిగానే పరీక్షించుకున్నాయి. అన్నీ కలిపి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నడిపి చూసింది ఆఖరి రెండు వారాల్లోనేనని, అలాంటి పరీక్షకు నెలల సమయం ఉండాల్సిందని ఆ కంపెనీల ప్రతినిధులే కాంగ్రెస్ ముందు చెప్పారు. అంటే లోపం ఉందని తెలియక తెరవలేదు, తెలిసే తెరిచారు. పరీక్ష తన పని తాను చేసింది. దాని మాట విని తేదీ మార్చే ఏర్పాటు లేకపోయింది.

బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకు కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. 2018 ఏప్రిల్‌లో ఒక వారాంతంలో ఆ బ్యాంకు సుమారు 52 లక్షల మంది ఖాతాలను పాత కంప్యూటర్ వ్యవస్థ నుంచి కొత్తదానికి మార్చింది. సోమవారం నాటికి లక్షల మంది తమ ఖాతాలు తెరవలేకపోయారు. కొందరికి వేరేవాళ్ల ఖాతాలు కనిపించాయి. పరిస్థితి పూర్తిగా కుదుటపడేసరికి డిసెంబరు వచ్చింది. దీనిపై బ్యాంకు వేయించిన స్వతంత్ర విచారణ నివేదిక 2019లో వచ్చింది. కొత్త వ్యవస్థ రెండు డేటా సెంటర్ల మీద నడవాల్సి ఉండగా లోడ్ పరీక్ష ఒక్కదాని మీదే చేశారని అందులో ఉంది. పూర్తి కావాల్సిన తేదీని ముందే పెట్టుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కవేసుకుంటూ ప్రణాళిక తయారుచేసుకున్నారని కూడా ఆ నివేదిక తప్పుపట్టింది. అలా వెనక్కి లెక్కవేస్తే కోత ఎప్పుడూ పరీక్ష మీదే పడుతుంది, ఎందుకంటే వరసలో అది చివరిది. ముందు పనులు ఆలస్యమైతే ఆ ఆలస్యమంతా దాని వాటాలోంచే పోతుంది. 2022 డిసెంబరులో అక్కడి నియంత్రణ సంస్థలు ఆ బ్యాంకుకు 4 కోట్ల 86 లక్షల పౌండ్లకు పైగా జరిమానా వేశాయి.

'అవి దేశాలూ బ్యాంకులూ పెద్దమ్మా, మాది చిన్న సంఘం, రోజుకి రెండు వందల మంది వస్తే గొప్ప' అంటావు. నిజమే, నీకు లక్షల మంది లోడ్ పరీక్ష అక్కర్లేదు. అయితే ఆ రెండు సైట్లను ముంచింది పరిమాణం ఒక్కటే కాదు. వాళ్లు పరీక్షించిన తీరు ఒకటి, జనం వాడిన తీరు మరొకటి. ఆ తేడా చిన్న సైట్లోనూ ఉంటుంది. మీ సైట్లో చిరునామా తెలుగులోనూ రాయవచ్చన్నావు కదా, ఒక పేరు తీసుకుందాం. జ్ఞానేశ్వరి. మన కంటికి నాలుగు అక్షరాలు. కంప్యూటర్ దాన్ని ఒత్తులు, గుణింతపు గుర్తులు విడదీసి పదకొండు సంకేతాలుగా దాచుకుంటుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోదానికి మూడు బైట్లు, అంటే ఆ పేరుకి 33 బైట్లు. పేరు గడికి 30 బైట్లు చాలనుకుని, మించినదాన్ని చప్పుడు చేయకుండా కత్తిరించే సాఫ్ట్‌వేర్ ఎక్కడైనా ఉంటే, చివరి గుడి ఊడిపోయి ఆవిడ పార్సిల్ మీద జ్ఞానేశ్వర అని పడుతుంది. మీ డెవలపర్ ఇంగ్లిష్‌లో 'టెస్ట్ యూజర్' అని కొట్టి వందసార్లు చూసినా ఇది బయటపడదు. ఇలాంటివి పెద్ద కంపెనీల చేతుల్లోంచీ జారిపోతాయి. 2018 ఫిబ్రవరిలో జ, ఞ కలిసిన ఒక తెలుగు అక్షరపు కూర్పులో కంటికి కనబడని ఒక గుర్తు చేరితే, అది మెసేజ్‌లో రాగానే ఐఫోన్‌లో ఆ యాప్ మూతపడిపోయేది. దాన్ని సరిచేయడానికి ఆపిల్ ప్రత్యేకంగా ఐఓఎస్ 11.2.6 విడుదల చేయాల్సి వచ్చింది. తెలుగువాళ్లు వాడే సైట్‌ని తెలుగు పేర్లతో, ఇంటిపేరు ముందు వచ్చేవాళ్లతో, ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగానే రాసుకునేవాళ్లతో, అసలు ఒకే పేరు ఉన్నవాళ్లతో పరీక్షించాలి. ఇంటిపేరు గడిలో కనీసం రెండు అక్షరాలు ఉండాలని ఫారం పట్టుబడితే చీర కొనాలని వచ్చిన మనిషి అక్కడే వెనుదిరుగుతుంది.

డబ్బు దగ్గరికి వచ్చేసరికి చిన్న, పెద్ద తేడా పూర్తిగా పోతుంది. మీరు అమ్మేది మిల్లు బట్ట కాదు. మగ్గం మీద నేసిన ఒక్కో చీర ఒక్కటే ఉంటుంది. అదే చీరను విజయవాడలో ఒకరు, డాలస్‌లో ఒకరు ఒకే నిమిషంలో బుట్టలో వేసుకుని ఇద్దరూ డబ్బు కడితే ఏమవుతుంది? ఇద్దరు మనుషుల్ని పక్కపక్కన కూర్చోబెట్టి, రెండు ఫోన్లలో ఒకేసారి నొక్కించి చూడాలి. యూపీఐలో డబ్బు కట్టాక మళ్లీ సైట్‌కి తిరిగి వచ్చేలోపు సిగ్నల్ పోతే? కంగారుపడి బ్యాక్ బటన్ నొక్కితే? 'చెల్లించు' రెండుసార్లు నొక్కితే? ఖాతాలో డబ్బు పోయి, వ్యాపారికి నిర్ధారణ అందకపోతే లావాదేవీ నాటి తర్వాత ఐదు రోజుల్లోగా ఆ సొమ్ము దానంతటదే వెనక్కి జమ కావాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో నియమం పెట్టింది. కానీ డబ్బు పోయినట్టు ఫోన్‌లో మెసేజ్ వచ్చి, ఆర్డర్ మాత్రం కనబడని మనిషికి ఆ నియమం గుర్తుకు రాదు. సంఘం మోసం చేసిందనే అనుకుంటుంది. ఆ సమయంలో మీ పేజీ ఏం చెబుతోంది, ఎవరికి ఫోన్ చేయమంటోంది అన్నది కూడా పరీక్షలో భాగమే. ఏదో ఎర్రర్ నంబరు చూపించి ఊరుకునే పేజీ పాసైనట్టు కాదు.

'కట్టినవాళ్లే టెస్ట్ చేశారు కదా, ఆటోమేటెడ్ టెస్టులన్నీ పాసయ్యాయి' అన్నది రెండో అభ్యంతరం. ఆ టెస్టులు కావాలి, ప్రతి మార్పు తర్వాతా నడపాలి. అయితే అవి కట్టినవాళ్లు ఊహించుకున్న దారుల్లోనే నడుస్తాయి. టెస్టింగ్ మీద 1979లోనే పుస్తకం రాసిన గ్లెన్‌ఫోర్డ్ మైయర్స్, తప్పులు పట్టుకోవాలన్న ఉద్దేశంతో ప్రోగ్రామును నడిపి చూడడమే పరీక్ష అని తేల్చాడు. తన చేత్తో కట్టినదాన్ని చెడగొట్టాలని చూడడం ఎవరికైనా కష్టమే. అది నిజాయితీ లోపం కాదు, మనిషి స్వభావం. అందుకే కొత్త కళ్లు కావాలి. దానికి బడ్జెట్ లేదంటారేమో. వాడకం మీద పరిశోధన చేసిన జేకబ్ నీల్సన్, ఐదుగురు వాడుతుంటే గమనించినా చాలా వరకు ఇబ్బందులు బయటపడతాయని, ఒకేసారి పెద్ద పరీక్ష పెట్టడం కంటే సరిచేసుకుంటూ మళ్లీ మళ్లీ చిన్న పరీక్షలు పెట్టడం మేలని 2000 నాటి వ్యాసంలో వాదించాడు. నీకు కావాల్సిన ఐదుగురూ సంఘంలోనే దొరుకుతారు. కొత్త డిజైన్లు ఎక్కించబోయే గుమాస్తా, ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుని చదివే ఓ పెద్దావిడ, పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్న కాలేజీ పిల్ల, చూపు లేక ఫోన్ చదివి వినిపిస్తే పని చేసుకునే ఒకరు, విదేశంలో ఉన్న ఒక బంధువు. విదేశంలో ఉన్నవాళ్లను మరిచిపోకు, ఓటీపీ మన దేశపు పదంకెల నంబరుకే వెళ్లేలా ఉంటే వాళ్లు గడప కూడా దాటలేరు. వాళ్లకి పని చెప్పు, దారి చెప్పకు. 'ఈ చీర కొనండి' అని మాత్రం చెప్పి మౌనంగా కూర్చో. ఎక్కడ ఆగారో, ఎక్కడ నుదురు చిట్లించారో రాసుకో. నువ్వు నోరు విప్పి సాయం చేశావంటే ఆ పరీక్ష అక్కడితో సరి.

మూడో అభ్యంతరం అన్నిటికంటే బలమైనది. లోపం లేని సైట్ ప్రపంచంలో లేదు, ముందు తెరిచి తర్వాత సరిచేసుకుందాం అంటారు. ఇందులో సగం నిజం ఉంది, ఆ సగాన్ని నువ్వు ఒప్పుకో. అంచుకు కాస్త తప్పుకున్న ఫొటో, ఒక పేజీలో అచ్చుతప్పు, నెమ్మదిగా తెరుచుకునే గ్యాలరీ ఇవన్నీ తర్వాత దిద్దుకోవచ్చు. మిగతా సగమే ప్రమాదం. తర్వాత సరిచేసుకునే ఖర్చు కట్టినవాళ్ల మీద కాకుండా వాడేవాళ్ల మీద పడుతుంది. మన దేశంలో ఆదాయపు పన్ను శాఖ కొత్త పోర్టల్ 2021 జూన్ 7న మొదలైంది. లాగిన్ కాకపోవడం దగ్గర్నుంచి మొదలైన ఫిర్యాదులు రెండు నెలలు దాటినా ఆగలేదు. ఆగస్టు 23న ఆర్థిక మంత్రి ఆ పోర్టల్ కట్టిన కంపెనీ అధినేతను పిలిపించి సెప్టెంబరు 15 కల్లా సరిచేయాలని గడువు పెట్టారు. రిటర్నుల గడువును డిసెంబరు 31 దాకా పొడిగించాల్సి వచ్చింది. పోర్టల్ చివరికి బాగుపడింది. ఈలోపు రాత్రుళ్లు మేలుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నించింది మాత్రం పన్ను కట్టేవాళ్లూ, వాళ్ల ఆడిటర్లూ. ప్రభుత్వ పోర్టల్ కాబట్టి జనం ఓర్చుకుని తిరిగి వచ్చారు, వాళ్లకి వేరే దారి లేదు. చీర కొనేవాళ్లకి వేరే దుకాణాలు వంద ఉన్నాయి.

అందుకని లోపాలను రెండు జాబితాలుగా విడగొట్టుకో. డబ్బు తప్పుగా పోవడం, ఒకరి వివరాలు ఇంకొకరికి కనబడడం, ఆర్డర్ మాయమవడం, ఫోన్ నుంచి కొనడం కుదరకపోవడం, చెడితే పాత స్థితికి వెనక్కి వెళ్లలేకపోవడం. వీటిలో ఏ ఒక్కటి మిగిలినా తెరవకూడదు. మిగతావి రెండో జాబితాలో వేసి, తెరిచాక దిద్దుకోవచ్చు. ఆ మొదటి జాబితాను పరీక్ష మొదలుపెట్టకముందే రాయాలి. బగ్ కళ్లముందుకు వచ్చాక, ముహూర్తం దగ్గరపడ్డాక రాయబోతే ప్రతి లోపమూ చిన్నదిగానే కనిపిస్తుంది. బ్యాకప్ తీశామన్న మాటను కూడా నమ్మకు. దాన్ని వేరే సర్వర్ మీద తిరిగి నిలబెట్టి, ఆర్డర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసేదాకా బ్యాకప్ లేనట్టే లెక్క. ఇక తెరిచే రోజు ఉదయం చూడాల్సినవి కొన్ని ఉంటాయి. పేమెంట్ గేట్‌వే టెస్ట్ మోడ్ నుంచి అసలు మోడ్‌కి మారిందా, పరీక్ష కోసం ఎక్కించిన ఉత్తుత్తి ఆర్డర్లు తీసేశారా, సైట్ గూగుల్‌కి కనబడకుండా తాత్కాలికంగా పెట్టిన అడ్డు తొలగించారా అని ఒక్కొక్కటీ చూసి టిక్కు పెట్టు.

మిగిలింది ముహూర్తం. సంఘం పెద్దలకు ఆ రోజు మీద నమ్మకం ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయకు. విజయదశమి నాడు పూజ చేసి, సంఘం సభ్యులకు, దగ్గరివాళ్లకు మాత్రమే సైట్ తెరవమని చెప్పు. ఆ కొద్దిమంది నిజంగా కొంటారు, నిజంగా డబ్బు కడతారు, పార్సిళ్లు నిజంగా వెళతాయి. జాబితాలో ఒక్కటీ మిగల్లేదని తేలాక ఊరందరికీ ప్రకటించండి. ముహూర్తం నిలుస్తుంది, పరీక్షా నిలుస్తుంది. ఆలస్యమైతే పండగ అమ్మకాలు పోతాయని ఎవరైనా అంటే అది నిజమైన నష్టమేనని ఒప్పుకుని, రెండో నష్టం కూడా లెక్కలో వేయమని అడుగు. పండగ వారంలో డబ్బు పోగొట్టుకున్న కొనుగోలుదారు సంక్రాంతికీ రాదు, వచ్చే దసరాకీ రాదు. నలుగురికి చెబుతుంది కూడా. ఆ చీరకు వారాల తరబడి మగ్గం మీద కూర్చున్న మనిషికి వెబ్‌సైట్ అంటే ఏమిటో తెలియకపోవచ్చు, కానీ అది చెడితే పోయేది ఆ ఇంటి కూలే.

కాబట్టి నాన్నా, ఈ వారంలోనే ఆ మొదటి జాబితాను ఒక కాగితం మీద రాసి, సంఘం అధ్యక్షుడి దగ్గర కూర్చుని, ఒక్కో వాక్యం చదివి వినిపించి సంతకం తీసుకో. నీ సంతకమూ పెట్టు. రేపు ఎవరైనా తొందరపెట్టినప్పుడు నువ్వు గొంతు పెంచనక్కర్లేదు, ఆ కాగితం చూపిస్తే చాలు. తొందరపెట్టేవాళ్లు నీ ఎదురుగా కూర్చుంటారు. కొనేవాళ్లూ నేసేవాళ్లూ ఆ గదిలో ఉండరు. వాళ్ల తరఫున మాట్లాడాల్సింది నువ్వే. భయపడకుండా మాట్లాడు.

శుభాశీస్సులతో,
మీ పెద్దమ్మ