ఒకే ట్రేలో హొక్కైడో సాల్మన్

శరత్కాలం వచ్చిందంటే జపాన్ ఉత్తరాన ఉన్న హొక్కైడో దీవిలో సాల్మన్ చేపలు గుడ్లు పెట్టడానికి సముద్రం వదిలి నదుల్లోకి ఎదురీదుతాయి. అప్పుడు పట్టిన చేపను జాలర్లు తోలుతో సహా పెద్ద ఇనుప పెనం మీద పరిచి, చుట్టూ క్యాబేజీ, ఉల్లిపాయలు పోసి, మిసో అనే సోయాబీన్ ముద్ద పులిమి, వెన్న వేసి వండుకునేవారు. దాని పేరు చాన్‌చాన్ యాకి. 2007లో జపాన్ వ్యవసాయ శాఖ దేశమంతటి పల్లె వంటల్లోంచి ఏరిన జాబితాలో హొక్కైడో తరఫున దీనికీ చోటు దక్కింది. ముస్తాబు అక్కర్లేని వంట, అన్నంలోకి అన్నీ ఒకేచోట తయారవుతాయి. ఆఫీసు నుంచి వచ్చి వండుకునే రాత్రికి ఇంతకన్నా ఏం కావాలి! పెనం బదులు ఓవెన్ ట్రే పెట్టుకుంటే గంటలోపు భోజనానికి కూర్చోవచ్చు.

దీన్ని చెడగొట్టేవి నీళ్లు. చేపలోవి కొన్ని, క్యాబేజీలోవి కొన్ని, మిసో జారుడుగా కలిపితే అవి మరికొన్ని. అన్నీ కలిసి ట్రేలో చేరితే చేప కాలదు, ఉడుకుతుంది. కింద చెప్పే పనంతా ఆ నీళ్లను అదుపులో పెట్టడానికే.

ముందు చేప. నలుగురికి 600 గ్రాముల ముక్క చాలు. తోలు ఉండాలి, వీలైతే తోక వైపు కాక నడిమి భాగం తీసుకోండి. హొక్కైడో నదులకు వచ్చేది చమ్ సాల్మన్. అందులో కొవ్వు తక్కువ. వాళ్లు వెన్న ధారాళంగా వేసేది అందుకే. మనకు సూపర్‌మార్కెట్లో ఎక్కువగా దొరికేది చెరలో పెంచిన అట్లాంటిక్ సాల్మన్. దానికి కొవ్వు సొంతంగానే బోలెడు ఉంటుంది కాబట్టి వెన్న సగానికి తగ్గించాలి. అమెరికాలో ఉన్నవాళ్లు ఎర్రటి సాకై సాల్మన్ తెచ్చుకుంటే వెన్న తగ్గించక్కర్లేదు గానీ ఓవెన్‌లో రెండు మూడు నిమిషాలు తక్కువ ఉంచాలి. మన దేశంలో ‘ఇండియన్ సాల్మన్’ పేరుతో అమ్మే రావస్, అంటే మన కోస్తాలో మాగ అనే చేప, అసలు సాల్మన్ కుటుంబానిదే కాదు. అయినా ఈ వంటకు పనికొస్తుంది. పండుగప్ప ఇంకా బాగుంటుంది. రోహు, బొచ్చె మాత్రం వద్దు. కండలో దాగిన సన్నముళ్లు ఏరుకోవడంతోనే రాత్రి గడిచిపోతుంది.

మన ఇళ్లలో చేపను ఉప్పు, పసుపు, నిమ్మరసంతో రుద్ది నాలుగు నీళ్లు పోసి కడిగితేగాని మనసొప్పదు. పులుసుకు అది సరే. ఇక్కడ మాత్రం కడగాలనుకుంటే ముందే కడిగేసి, పొడిగా తుడవండి. తర్వాత ఒక టీస్పూన్ ఉప్పు రెండు వైపులా చల్లి, పళ్లెం ఒక పక్కకు వాలేలా పెట్టి 20 నిమిషాలు వదిలేయండి. కండ మీద చెమట పట్టినట్టు నీటి బొట్లు తేలి, పళ్లెం అంచుకు జారతాయి. నీచు వాసనకు మూలమైన ట్రైమిథైల్ అమైన్ నీటిలో కరిగేదే. అందుకే ఆ నీటితోపాటు వాసన కూడా చాలావరకు పోతుంది. టిష్యూ పేపర్‌తో గట్టిగా అద్ది తుడవండి, మళ్లీ కడగొద్దు. జపాన్ ఇళ్లలో చేపను కాల్చే ముందు మామూలుగా చేసే పనే ఇది. మసాలాలో గంటలకొద్దీ నానబెట్టినా రాని రుచి ఈ 20 నిమిషాల ఉప్పుతో వస్తుందని నా నమ్మకం. ఇంకో లాభమూ ఉంది: చేప కాలేటప్పుడు పైకి ఉబికే తెల్లటి విరుగుడు లాంటి ప్రొటీన్ బాగా తగ్గుతుంది. తుడిచాక నడిమి గీత వెంబడి వేలితో తడిమి, ముల్లు తగిలితే ట్వీజర్‌తో అది వాలి ఉన్న వైపుకే లాగండి. ఎదురు లాగితే కండ చిరుగుతుంది.

ఆ 20 నిమిషాలు ఖాళీగా ఉండొద్దు. చేపకు ఉప్పు చల్లగానే ఓవెన్ 220 డిగ్రీల సెల్సియస్‌కు పెట్టండి, బియ్యం కడిగి కుక్కర్‌లో వేయండి. 350 గ్రాముల క్యాబేజీని రెండు వేళ్ల వెడల్పు ముక్కలుగా, ఒక పెద్ద ఉల్లిపాయను మందపాటి చీలికలుగా, ఒక క్యారెట్‌ను పల్చటి బిళ్లలుగా కోయండి. పుట్టగొడుగులుంటే ఓ గుప్పెడు. హొక్కైడోలో పెసర మొలకలూ వేస్తారు గానీ వాటిలో నీరు మరీ ఎక్కువ, పెనానికి తగినవి, ట్రేకి కాదు. కూరగాయలకు ఒక టేబుల్‌ స్పూన్ నూనె పట్టించి, పెద్ద ట్రేలో పల్చగా పరవండి. ఉప్పు వేయొద్దు, వేస్తే ఇప్పుడే నీళ్లు వదులుతాయి. ట్రేలో బేకింగ్ పేపర్ కూడా పరవొద్దు, చివర్లో పై మంట కింద పెట్టినప్పుడు అంటుకునే ప్రమాదం ఉంది. మూత లేకుండా పది నిమిషాలు ఓవెన్‌లో ఉంచితే క్యాబేజీ అంచులు కాస్త ఎరుపెక్కుతాయి, పై తడి ఆరిపోతుంది.

ఈలోగా మిసో. ఉడికించిన సోయాబీన్‌కు బియ్యం మీద పెంచిన కోజి బూజునూ ఉప్పునూ కలిపి పులియబెట్టిన ముద్ద ఇది. తెల్లటిది తక్కువ కాలం ఊరినది, తియ్యగా ఉంటుంది. ఎర్రటిది ఎక్కువ కాలం ఊరి, ఘాటుగా ఉంటుంది. లేత పసుపు రంగుది ఈ వంటకు అనువు. నాలుగు టేబుల్‌ స్పూన్ల మిసోలో రెండు టేబుల్‌ స్పూన్ల మిరిన్, రెండు టేబుల్‌ స్పూన్ల సాకే, ఒక టేబుల్‌ స్పూన్ పంచదార వేసి ఉండలు లేకుండా కలపండి. ఇంట్లో మద్యం వాడని వారు సాకే బదులు నీళ్లు పోయొచ్చు. మిరిన్ కూడా బియ్యంతో చేసిన తీపి మద్యమే, దాని బదులు రెండు టేబుల్‌ స్పూన్ల నీళ్లలో రెండు టీస్పూన్ల పంచదార కరిగిస్తే సరి. వేరే ఉప్పు గానీ సోయా సాస్ గానీ అక్కర్లేదు. మామూలు మిసోలో 12 శాతం దాకా ఉప్పు ఉంటుంది.

మిసో ఇట్టే మాడిపోతుంది కాబట్టి రెండు విడతలుగా వేయాలి. ట్రే బయటికి తీసి, సగం మిసో కూరగాయల మీద అక్కడక్కడా వేసి కలిపి, వాటి మీద చేపను తోలు కిందికి ఉండేలా పెట్టండి. పల్చటి తోక భాగం ఉంటే కిందికి మడిచేయండి. ట్రేకి అల్యూమినియం ఫాయిల్ బిగించి పది నిమిషాలు ఓవెన్‌లో ఉంచండి. క్యాబేజీలో మిగిలిన నీరు ఆవిరై చేపను ఉడికిస్తుంది. దీనికి ఆ కాస్త నీరు చాలు.

ఫాయిల్ తీసి, అన్నిటికన్నా మందంగా ఉన్నచోట ఫోర్క్ గుచ్చి చూడండి. కండ పొరలుగా విడుతూ, మధ్యలో ఇంకా కొంచెం గాజులా మెరుస్తుంటే సరైన అదను. మిగతా మిసో చేప మీద పల్చగా రాసి, 15 గ్రాముల వెన్నను చిన్న ముక్కలుగా పైన వేయండి. కొవ్వు తక్కువ చేపైతే 30 గ్రాములు. ట్రేను పై అరకు మార్చి, పై మంట ఒక్కటే పెట్టి మూడు నాలుగు నిమిషాలు కాల్చండి. ఓటీజీలో పై రాడ్ మాత్రమే వెలిగే సెట్టింగ్, అమెరికా ఓవెన్లలో బ్రాయిల్. ఆ నాలుగు నిమిషాలూ ఓవెన్ ముందు నుంచి కదలొద్దు, ఫోన్ వచ్చినా సరే. మిసో బుడగలు కట్టి, అక్కడక్కడా ముదురు గోధుమ రంగుకు తిరగ్గానే తీసేయండి. థర్మామీటర్ ఉన్నవారికి లెక్క: చాలామంది వంటవాళ్లు లోపల 55 డిగ్రీల దగ్గరే తీసేస్తారు, అమెరికా ఆహార భద్రతా సంస్థలు చెప్పేది 63. గర్భిణులు, పసిపిల్లలు, పెద్దవాళ్లు తినే ఇంట్లో 63 దాకా ఆగడమే మేలు.

అడుగున రసం మరీ ఎక్కువగా ఉందనిపిస్తే చేపను పళ్లెంలోకి తీసుకుని, కూరగాయలను ఇంకో ఐదు నిమిషాలు పై మంట కింద ఉంచండి. పారబోయొద్దు, వెన్న కలిసిన ఆ మిసో రసమే అన్నంలోకి అసలు కూర.

ట్రేను అలాగే బల్ల మీదికి తెచ్చి, చేపను గరిటెతో పొరలుగా విడదీసి, తోలు పక్కకు తీసి కూరగాయలతో కలిపేయాలి. హొక్కైడో వాళ్ల పద్ధతీ ఇదే. ఉల్లికాడల తరుగు చల్లండి. చెయ్యి కారం డబ్బా మీదికి పోతుందని తెలుసు. జపాన్ వాళ్లూ షిచిమి అని మిరప్పొడి, నువ్వులు, నారింజ తొక్క కలిపిన పొడి చల్లుకుంటారు. ఏదైనా ఎవరి పళ్లెంలో వాళ్లు వేసుకోవడం మంచిది, ట్రేలో ముందే వేస్తే మిసో తీపి అణిగిపోతుంది. పొట్టి గింజ జపాన్ బియ్యం లేకపోతే సోనా మసూరినే కాస్త మెత్తగా వండుకోండి.

మిగిలితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడే తినేయండి. ఆఫీసు మైక్రోవేవ్‌లో చేపను వేడి చేస్తే పక్క సీట్ల వాళ్లకు మీ మీదుండే స్నేహం తగ్గుతుంది. చల్లటి ముక్కలనే వేడి అన్నంలో కలిపి డబ్బా కట్టుకోండి. తీసి పక్కన పెట్టిన తోలును పారేయకుండా, నూనె లేని పెనం మీద సన్నని సెగన రెండు వైపులా కరకరలాడేదాకా కాల్చి, ఆ అన్నం మీద నలిపి చల్లుకోండి.