రాళ్ల వాన వెలిసింది... ఒకసారి పైకప్పు చూద్దామా?

మార్చి, ఏప్రిల్ వచ్చాయంటే మన నిజామాబాద్ దిక్కు ఆడవాళ్లకి ఒక కన్ను ఎప్పుడూ మబ్బు మీదే ఉంటుంది కదమ్మా? ఆర్మూర్, బాల్కొండ వైపు ఉడకబెట్టిన పసుపు ఆరుతుంటుంది. వర్ని, కోటగిరి వైపు యాసంగి వరి కోతకొస్తుంటుంది. అట్లాంటి రోజుల్లో రాళ్ల వాన దంచి కొడితే మన ప్రాణమంతా పొలం మీదికి, కల్లం మీదికి పోతుంది. పోకుండా ఎట్లా ఉంటుంది? 2023 మార్చి వడగండ్లకి రాష్ట్రంలో ఎంత పంట నేలపాలైతే ఎకరానికి రూ.10,000 సాయం ప్రకటించాల్సి వచ్చిందో మనకి గుర్తే. ఆ హడావుడిలో ఇంటి పైకప్పు ఎవరికీ యాదికి రాదు. జూన్‌లో మొదటి వాన పడి, బియ్యం డబ్బా పక్కన టప్‌మని చుక్క రాలినప్పుడు వస్తుంది.

అందుకే చెప్తున్నా చెల్లీ, వాన వెలిసిన రెండు మూడు రోజుల్లోనే చూసుకుందాం. భయపడే పనేం కాదిది.

ముందు ఒక మాట, ఇది మాత్రం కచ్చితంగా వినాలి. రేకుల మీదికి నువ్వు ఎక్కొద్దు, పిల్లల్ని ఎక్కించొద్దు. సిమెంటు రేకు వడగండ్ల దెబ్బకి కనపడకుండా చిట్లి ఉంటుంది, మనిషి బరువు పడగానే విరిగిపోతుంది. చూడాల్సింది చాలావరకు కింది నుంచే చూడొచ్చు.

మొదట వాకిట్లో చూడు. ట్యాంకు మూత పగిలిందా? డిష్ గొడుగు, బైకు ట్యాంకు సొట్టలు పడ్డాయా? ఏసీ బయటి పెట్టె వెనక ఉండే సన్నని అల్యూమినియం రెక్కలు నలిగాయా? ఇవి పలుచగా ఉండేవి, రాయి ఎంత గట్టిగా తగిలిందో ముందు ఇవే చెప్తాయి. ఏ పక్కవి ఎక్కువ దెబ్బతిన్నాయో చూస్తే గాలి ఎటు నుంచి కొట్టిందో తెలుస్తుంది. కప్పులో కూడా ఆ వైపే ఎక్కువ అనుమానించాలి.

ఇక మిట్టమధ్యాహ్నం లోపలికి రా. తలుపులు వేసి, లైట్లు ఆపి, మెడ పైకెత్తి చూడు. పెంకుల మధ్యన, రేకు బోల్టుల చుట్టూ సూది మొనంత వెలుగు కనపడిందా? అక్కడే దెబ్బ. సిమెంటు రేకు పగులు వెంట్రుకంత సన్నగా ఉంటుంది, పొడిగా ఉంటే అస్సలు ఆనదు. మేస్త్రీతో నీళ్లు కొట్టించి కాసేపు ఆగండి. రేకంతా ఆరిపోయినా పగులు గీత మాత్రం తడి పట్టి నల్లగా నిలిచిపోతుంది. దాని పక్కన సుద్దతో గుర్తు పెట్టించు.

“ఇది పాతదేమోలే అక్కా” అని నసుగుతావని నాకు తెలుసు. పాతదో కొత్తదో పగులు రంగే చెప్తుంది. పెంకు కొత్తగా పగిలితే లోపల మట్టి ఎర్రగా, తాజాగా ఉంటుంది. పాత పగులుకి నాచు, నలుపు పట్టేసి ఉంటాయి. సిమెంటు రేకుకీ అంతే, కొత్త అంచు తెల్లగా మెరుస్తుంది. ఇనుప రేకుకి సొట్ట పడ్డంత మాత్రాన నీళ్లు కారవు, దానికి కంగారు పడకు. సొట్ట మడతలో జింకు పూత చిట్లిందేమో మాత్రం చూడాలి. చిట్లితే ఒకటి రెండు వానాకాలాల్లో అక్కడ తుప్పు తింటుంది. ముందే కాస్త తుడిచి, ప్రైమరూ రంగూ వేయిస్తే సరిపోతుంది.

స్లాబు ఇల్లా? అయితే మనసు నెమ్మది చేసుకో, కాంక్రీటుకి వడగళ్లతో పెద్దగా ఏమీ కాదు. రాలిన ఆకులు, ఐసుగడ్డలు కలిసి నీళ్లు పోయే గొట్టానికి అడ్డం పడ్డాయేమో చూసి తీసేయించు, చాలు. పైన సోలార్ పలకలుంటే మాత్రం అద్దం బాగుందని ఊరుకోకు. ఆ పలకల్ని సాధారణంగా 25 మిల్లీమీటర్ల మంచుగోళీలతో కొట్టి పరీక్షిస్తారు. అంతకన్నా పెద్దవి పడితే అద్దం కింది సెల్లులు చిట్లొచ్చు. ముందు వారం, తర్వాతి వారం యూనిట్లు పోల్చి చూడు.

ఫోటోలు తీయడం మర్చిపోకు. పెద్ద వడగళ్లు కరగకముందే పక్కన ఐదు రూపాయల బిళ్ల పెట్టి తీస్తే పరిమాణం తెలుస్తుంది. ఆ ఫోటోలు పట్టుకుని ఊళ్లో పంచాయతీ కార్యదర్శికీ, మండలంలో తహసీల్దారుకీ అర్జీ ఇవ్వండి. వడగండ్లు విపత్తు సాయం జాబితాలో ఉన్నాయి. 2022లో కేంద్రం సవరించిన నిబంధనల ప్రకారం, కనీసం 15 శాతం దెబ్బతింటే పక్కా ఇంటికి రూ.6,500, కచ్చా ఇంటికి రూ.4,000, గుడిసెకైతే రూ.8,000. పెద్ద మొత్తం కాదు, నిజమే. కానీ నాలుగు రేకులకి ఆసరా అవుతుంది, అడగడానికి మొహమాటం ఎందుకు? ఇంటికి బీమా ఉంటే వాళ్లకీ వెంటనే చెప్పాలి, సర్వేయర్ వచ్చి చూసేదాకా పగిలిన ముక్కలు పారేయకూడదు.

1937లో పెట్టిన మన బోధన్ షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక, ఆ ఊళ్లో మరమ్మతు ఖర్చు అనగానే గుండె గుభేల్‌మనే ఇళ్లు ఎన్నో! అందుకే మొత్తం కప్పు మార్చాలని ఎవరైనా అంటే వెంటనే తల ఊపకు, ఇంకో మేస్త్రీని అడుగు. బెంగుళూరు పెంకుల ఇంట్లో పగిలిన పెంకుని జరిపి ఇంకొకటి పెట్టడం గంట పని. అయితే కొత్త పెంకులు పాతవాటి గాడిలో కూర్చోవు, కూల్చిన ఇళ్ల దగ్గర అదే అచ్చువి ఒక పాతిక దొరికితే తెచ్చి గోడవారగా పెట్టుకోండి. సిమెంటు రేకు తీయించేటప్పుడు తడిపి తీయించు, ముక్కలు పొడిగా విరగ్గొట్టనివ్వకు. వాటిలోని ఆస్‌బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తులకి చాలా చెడ్డది. పిల్లల్ని ఆ పూట పక్కింటికి పంపేయ్.

అద్దె ఇంట్లో ఉన్నా ఇట్లా చూసుకోవడం నీ పనే. ఫోటోలు ఇంటివాళ్లకి ఈరోజే పంపు, మరమ్మతు మే నెల దాటనివ్వకు. తొలకరి పడ్డాక ఊరంతా మేస్త్రీల వెంటే పడుతుంది, అప్పుడు వాళ్లు అడిగిందే కూలి.